గొళ్ళెం లేని వాకిలి

ఫైర్ సర్వీసులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కుర్చీలో కూర్చోగానే అందరూ అడిగేది ఒకటే, ఎంత పెద్ద మంట ఆర్పారు సార్ అని. వాళ్ళ కళ్ళలో సినిమా ఆడుతుంటుంది. నాకు నవ్వొస్తుంది. ఒరే నాయనా, మంట ఆర్పడం మన పనిలో ఒక ముక్క మాత్రమే అంటాను. అసలు పని మంట లేని రోజుల్లో ఉంటుంది. ఎవరింటికో వెళ్ళి, మెట్ల మీద సామాను తీయమని వాళ్ళతో తగువులాడి, వాళ్ళిచ్చిన కాఫీ తాగి, మళ్ళీ తగువులాడి రావడం. దీన్ని ఏ ట్రైనింగులోనూ నేర్పరు. నేర్పితే సగం మంది చేరరేమో.

నా పేరు బాబావలి. అనంతపురంలో స్టేషన్ ఆఫీసరుగా రిటైరయ్యాను. ప్రమోషన్ల కథలు చెప్పను, అవి చెప్పేవాడికి తప్ప ఎవరికీ రుచించవు. నాకు పని నేర్పిన ఒక ఆఫీసరు గురించి, ఆ పని ఫలించిన ఒక ఇంటి గురించి చెప్తాను. ఆ ఇల్లు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు నిండినట్టు ఉంటుంది.

ఓబులేసు సారు తువ్వాలు

నా మొదటి పోస్టింగు రాయదుర్గంలో. అక్కడ వీధి వీధికీ జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లుంటాయి. మా ఆఫీసరు ఓబులేసు సారు. మనిషికి ముక్కు మీద కోపం, నోటి నిండా తిట్లు. తనిఖీకి బయల్దేరితే మధ్యాహ్నం భోజనం సంగతి మర్చిపోయేవాడు, మమ్మల్నీ తిననిచ్చేవాడు కాదు. ఆయన కింద పనిచేసిన రోజుల్లో నేను ఆయన్ని మనసులో తిట్టుకోని పూట లేదు.

ఒకరోజు ఒక కుట్టు యూనిట్‌కి వెళ్ళాం. పొడవాటి షెడ్డు, రెండు వరుసల మిషన్లు, మధ్యలో నడిచే దారి. దారి బాగుందా అని అడిగాడు సారు. అటూ ఇటూ చూసి, బాగుంది సార్ అన్నాను. ఆయన భుజం మీది తువ్వాలు తీసి నా కళ్ళకు గట్టిగా కట్టేశాడు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చిట్టచివరి మిషను దగ్గర కూర్చోబెట్టాడు. ఇక్కడ మంట లేచింది, బయటికి పో అన్నాడు.

లేచాను. నాకు తెలిసిన దారే కదా అనుకున్నాను. ముందు ఇస్త్రీ బల్ల మోకాలికి తగిలింది. పక్కకు జరిగితే కత్తిరింపు ముక్కల మూట. దాన్ని దాటబోయి బోర్లా పడ్డాను, పడింది ప్యాంట్ల కుప్ప మీద కాబట్టి మూతి పగల్లేదు. మిషన్లన్నీ ఆపేసి కుట్టేవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఆ నవ్వు వినబడే వైపుకే పాక్కుంటూ వెళ్ళాను, తీరా తలకు తగిలింది గోడ.

సారు మాత్రం నవ్వలేదు. తువ్వాలు విప్పుతూ చెప్పిన మాట నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ నాతోనే ఉంది.

"పొగలో కండ్లు పనికిరావు వలీ. కాళ్ళకు తెలిసుండాల దోవ."

తర్వాత అదే తువ్వాలు యజమాని కళ్ళకు కట్టాడు. ఆయన బల్లలకు గుద్దుకుని, మూటలకు తట్టుకుని బయటపడేసరికి మేము టీ తాగేశాం. ఆ సాయంత్రమే బల్లలు జరిగాయి, మూటలు గోడౌనుకు పోయాయి. చట్టం ఏం చెప్తుందో ఆయనకు ఎవరూ చదివి వినిపించలేదు. మోకాలే చెప్పింది.

సారు రిటైరైన రోజు ఆ తువ్వాలు నాకు కావాలని అడిగాను. అది కంపు కొడతాండాది, కొత్తది కొనుక్కోపో అని కసిరాడు. కొనుక్కున్నాను. అప్పటినుంచీ తనిఖీకి వెళ్తే నా భుజం మీద తువ్వాలు ఉండాల్సిందే. మీరూ ఒకటి కొనుక్కోండి.

నీళ్ళే గదా సార్

ఇక ఆ ఇంటి సంగతి. రిటైర్మెంటు దగ్గర పడుతున్న రోజుల్లో ఒక శెట్టి మా స్టేషనుకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట కుంకుమ బొట్టు, పేరు గోపాల శెట్టి. పక్కింటి పై అంతస్తుల్లో బయటి దేశాల కుర్రాళ్ళు కిక్కిరిసి ఉన్నారని, దొడ్లో మేకలైనా అంతకంటే వసతిగా ఉంటాయని, అక్కడ నిప్పంటుకుంటే తన ఇంటికీ అంటుకుంటుందని ఫిర్యాదు. ఇల్లు ఎవరిదండీ అని అడిగితే, ఎవరో ఒక శెట్టిది అన్నాడు. ఆ మాట అనేటప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నాకప్పుడు ఏమీ తోచలేదు.

ఆ ఎవరో ఒక శెట్టి పేరు సత్యనారాయణ శెట్టి. కింద ప్లాస్టిక్ సామాన్ల అంగడి, అంగడి వెనక ఆయన కాపురం, పైన రెండంతస్తులూ కుర్రాళ్ళకు అద్దెకు. రాప్తాడు రోడ్డు వైపున్న ఒక కాలేజీలో చదివే పిల్లలు. టాంజానియా, మలావీ, సుడాను, నేపాల్. ఇంటికి మెట్ల దారి ఒక్కటే, అదీ అంగడి పక్కనుంచే. ఆ మెట్ల మీద ప్రతి మలుపులోనూ, సందు దొరికిన ప్రతిచోటా నీలం రంగు డ్రమ్ములు, వాటి నిండా నీళ్ళు. మనిషి ఒంటి వైపుగా తిరిగి ఎక్కాలి. కింద ఇనుప గేటు, పొద్దుగూకితే దానికి తాళం. పైన మిద్దె తలుపుకైతే పగలూ రాత్రీ తాళమే, ఎందుకంటే నీళ్ళ ట్యాంకు అక్కడ ఉంది.

మా ఊళ్ళో నీళ్ళ విలువ మీకు వేరే చెప్పాలా. కుళాయి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, ట్యాంకరు వచ్చినప్పుడు పట్టుకున్నవాడిదే అదృష్టం. అయినా దారిలో డ్రమ్ములేమిటండీ, మంట లేస్తే పిల్లలు ఎట్లా దిగుతారు అని అడిగాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"నీళ్ళే గదా సార్. మంటకు నీళ్ళు అడ్డమా?"

కట్టెలు అడ్డం పెట్టినవాళ్ళను చూశాను, గ్యాసు బండలు పెట్టినవాళ్ళను చూశాను. నీళ్ళతో దారి మూసిన మహానుభావుణ్ణి మాత్రం అదే మొదటిసారి చూడడం.

పైకి వెళ్తే గదుల్లో ఒకదానిపై ఒకటి ఇనుప మంచాలు. ముగ్గురు ఉండాల్సిన గదిలో దానికి రెండింతల మంది. అంతకంటే నన్ను ఆశ్చర్యపరిచింది కిటికీలు. అనంతపురం ఎండల్లో కిటికీలన్నీ బిగించి, గాలి కంతల్లో గోనెసంచులు కూరి, తలుపు కింద సందులో తడిగుడ్డ పెట్టి ఉంచారు. అందరూ చెమటతో ముద్దయి, అమాయకంగా నిలబడి ఉన్నారు. నా ముక్కును మోసం చేయడం అంత సులభం కాదు. అది పొట్టేలు కూర, అందులో దాల్చినచెక్క కాస్త ఎక్కువ పడింది. శెట్టిగారి ఇంట్లో నీచు వండకూడదన్నది అద్దె షరతు. అందుకని గది మొత్తం బిగించి, లోపల గ్యాసు పొయ్యి వెలిగించి వండుకుంటున్నారు.

ఏదో వాసన వస్తోందే శెట్టిగారూ అన్నాను. నాకు జలుబు సార్, ఏ వాసనా తెలీదు అన్నాడు. ఎన్నాళ్ళనుంచి జలుబు అని అడిగితే, ఈ పిల్లోళ్ళు వచ్చినప్పట్నుంచి అన్నాడు. ఆ ఒక్క జవాబుతో ఆ మనిషి నాకు నచ్చేశాడు. ఏం చేస్తాం, నచ్చినవాళ్ళతోనే ఎక్కువ గట్టిగా మాట్లాడాల్సి వస్తుంది.

పద్ధతి ప్రకారం నేను చేయాల్సింది స్పష్టంగా ఉంది. మున్సిపాలిటీకి రాస్తే పై అంతస్తులు రెండూ మూయించేస్తారు. ఫోనులో మా పై ఆఫీసరు కూడా అదే అన్నాడు, రాసేసి చేతులు కడుక్కో వలీ అని. ఆ మాటే కుర్రాళ్ళతో చెప్పాను. వాళ్ళలో పొడవాటి టాంజానియా పిల్లవాడు ముందుకొచ్చాడు. పేరు బరాకా. మా ఇళ్ళలో దేవుడి దీవెనను బర్కత్ అంటామే, అదే మాటట. టీ అంగళ్ళ దగ్గర నేర్చుకున్న అచ్చమైన అనంతపురం తెలుగు మాట్లాడతాడు.

"ఖాళీ చేయమంటే చేసేస్తాం సార్. యాడికి పోవాల్నో అది కూడా మీరే చెప్పండి."

వచ్చిన కొత్తలో ఈ పిల్లలు సామాన్లు పట్టుకుని వీధి వీధీ తిరిగారు. అద్దెకు ఉందని బోర్డు కట్టిన ఇళ్ళు కూడా వీళ్ళను చూడగానే బోర్డు తీసేశాయి. రైల్వే స్టేషన్ వెయిటింగ్ హాల్లో పడుకున్నారు. చివరికి రాండప్పా అని గేటు తీసినవాడు ఈ సత్యనారాయణ శెట్టి ఒక్కడే. ఒకరికి చోటు దొరికిందని తెలిస్తే ఇంకొకరు, వాళ్ళ స్నేహితులు ఇంకొందరు. ఈయన ఎవరినీ పొమ్మనలేకపోయాడు. ఇల్లు నిండింది అందుకు. ఊరంతా తలుపులు వేసుకుంటే తీసిన ఒక్క తలుపులోనే అందరూ ఇరుక్కుంటారు. తలుపు వేసుకున్నవాళ్ళ మీద నాకు చెప్పలేనంత కోపం ఉంది, కానీ వాళ్ళకు నోటీసు ఇచ్చే అధికారం ఏ ఆఫీసరుకూ లేదు.

మూయిస్తే పిల్లలు రోడ్డున పడతారు. మూయించకపోతే ఏదో ఒకరోజు ఆ మెట్ల దగ్గర నిప్పు లేచి, పైనున్న వాళ్ళలో ఒక్కరూ దిగలేరు. ఆ రోజు నేను చేతులు కడుక్కోకుండా తువ్వాలు తీశాను.

శెట్టిగారి పందెం

ఇది నేను దగ్గరుండి కట్టించిన ఇల్లు సార్, కళ్ళు మూసుకుని తిరుగుతాను అన్నాడు శెట్టి. తిరగండి అన్నాను. పై అంతస్తులో చివరి గది, చివరి మంచం, అందులోనూ పైది. ఆయన్ని అక్కడ పడుకోబెట్టి కళ్ళకు తువ్వాలు కట్టాను. పొగ నిండింది, వీధిలోకి రండి. కుర్రాళ్ళంతా గోడలకు అతుక్కుని నిలబడ్డారు. ఆయన భార్య పద్మావతమ్మ చేతులు తుడుచుకుంటూ పైకొచ్చి, ఈయనకు ఈ వయసులో ఇదేం ఆట అని మూతి తిప్పింది కానీ కదల్లేదు.

మంచం దిగుతూ శెట్టి ఒక నేపాలీ పిల్లవాడి రైస్ కుక్కర్లో కాలు పెట్టాడు. అన్నం కాలిని విదిలించుకుని, తలుపు మాత్రం బాగానే కనుక్కున్నాడు. మెట్ల దగ్గరికొచ్చాడు. మొదటి డ్రమ్మును కావలించుకున్నాడు. దాన్ని తప్పుకోబోతే రెండోది. దాని మూత జారి చెయ్యి మోచేతి దాకా నీళ్ళల్లో మునిగింది. కుర్రాళ్ళు నవ్వు ఆపుకోలేక చస్తున్నారు. కిందికి కుదరదులే, మిద్దె మీదికి పోతా అని వెనక్కి తిరిగాడు. గోడ తడుముకుంటూ పైకెక్కి మిద్దె తలుపు తోశాడు. అది కదల్లేదు. వేళ్ళతో తడిమి చూశాడు. తాళం.

తాళంచెవి ఎక్కడుంది శెట్టిగారూ అని అడిగాను. మొలతాడు తడుముకున్నాడు. గల్లాపెట్టెలో ఉంది అన్నాడు. గల్లాపెట్టె కింద అంగడిలో ఉంది.

కళ్ళకు తువ్వాలుతో, తడిసిన చొక్కాతో, ఆ తాళాన్ని పట్టుకుని ఆయన అలాగే నిలబడ్డాడు. వెనక నవ్వులు ఆగిపోయాయి.

"పిల్లోళ్ళు చస్తారు గదా సార్," అన్నాడు మెల్లగా.

అలాంటప్పుడు ఆఫీసరు నోరు మూసుకోవాలి, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. తువ్వాలు విప్పుకుని ఆయనే కిందికి దిగి, తాళంచెవి కూడా వెతక్కుండా ఇనుప రాడ్డు తెచ్చి మిద్దె తాళం పగలగొట్టాడు. ఆ సాయంత్రం కుర్రాళ్ళు వరుసగా నిలబడి డ్రమ్ములన్నీ చేతులు మార్చి పెరట్లోకి దించేశారు. గేటు తాళం పోయి లోపలివైపు గడియ వచ్చింది. కిటికీల్లోంచి గోనెసంచులు పోయాయి. కూర సంగతి పద్మావతమ్మ తేల్చేసింది. ఇంట్లో వద్దు, మిద్దె మీద వండుకోండి, గాలి ఎటూ ఆ పక్కింటికే పోతుంది అంది. శెట్టిగారి జలుబు ఆ వారమే తగ్గింది.

గోడలో కంత

కానీ మిద్దె మీదికి చేరినంత మాత్రాన అయిపోయిందా? అక్కడినుంచి ఎక్కడికి పోతారు, ఆకాశంలోకా? మూడు వైపులా కిందికి దూకే ఎత్తు కాదు. నాలుగో వైపు మాత్రం పక్కింటి మిద్దె సమానంగా ఆనుకుని ఉంది. మధ్యలో మనిషి కంటే ఎత్తు గోడ. ఈ గోడలో ఒక వాకిలి పెడితే చాలు, ఎంతమంది ఉన్నా బతుకుతారు అన్నాను. ఆ ఇల్లు ఎవరిది అని అడిగితే, ఎవరో ఒకాయనదిలే సార్ అన్నాడు శెట్టి. ఈ మాట ఎక్కడో విన్నానే అనుకుంటుండగానే పద్మావతమ్మ అందుకుంది.

"ఎవరో ఒకాయన ఏందయ్యా? నీ తోడబుట్టినోడు."

అప్పుడు బయటపడింది. నా దగ్గరికి ఫిర్యాదు తెచ్చిన గోపాల శెట్టి ఈయన సొంత తమ్ముడు. తండ్రి ఇంటిని ఇద్దరూ పంచుకున్నారు. వానలు ఎగ్గొట్టిన ఒక ఏడు తమ్ముడు తన పెరట్లో అన్న బోరు కంటే లోతుగా బోరు వేయించాడు. అక్కడ నీళ్ళు పడ్డాయి, ఇక్కడ అన్న బోరు ఎండిపోయింది. నా నీళ్ళు గుంజుకున్నాడని అన్న, భూమి లోపల నీ పేరు రాసుందా అని తమ్ముడు. మర్నాడే మేస్త్రీ వచ్చి మిద్దె మీద గోడ లేపాడు. అప్పట్నుంచి ఎడమొహం పెడమొహం. అన్న ట్యాంకరు నీళ్ళు కొనుక్కుని డ్రమ్ముల్లో నింపుకోవడం మొదలుపెట్టిందీ అప్పట్నుంచే. మెట్ల మీద డ్రమ్ములు ఎందుకు పుట్టాయో అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు.

నేను ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరిగాను. అన్న వచ్చి అడిగితే వాకిలి పెట్టనిస్తా అన్నాడు తమ్ముడు. వాడే రావాలన్నాడు అన్న. నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒక ఉదయం గోడ కొలుద్దామని ఒక్కణ్ణే మిద్దె ఎక్కాను. గోడ ఆ చివర, తులసి కుండీ వెనక, ఒక ఇటుక కదిలింది. కదిలి అవతలికి పోయింది. ఆ కంతలోంచి గాజుల చెయ్యి ఒకటి స్టీలు గిన్నె పట్టుకుని ఇవతలికి వచ్చింది. అక్కా, గోంగూర పచ్చడి అని వినపడింది. నాకేం చేయాలో తోచక గిన్నె అందుకున్నాను. చెయ్యి వెనక్కి పోలేదు, అక్కా, నిన్నటి గిన్నె అని అడిగింది. అమ్మా, నేను ఫైర్ ఆఫీసర్ని అన్నాను. చెయ్యి మాయమైంది.

ఆ చెయ్యి గోపాల శెట్టి భార్య సుజాతమ్మది. గోడ లేచిన నెల తిరక్కుండానే తోడికోడళ్ళు ఇద్దరూ ఇటుక ఊడదీసుకున్నారు. పచ్చళ్ళు, పూలు, కబుర్లు, జ్వరం మాత్రలు అన్నీ ఆ కంతలోంచే. మొగుళ్ళిద్దరికీ ఇన్నేళ్ళూ తెలియదు. చెప్పొద్దు సార్ అని ఇద్దరూ బతిమాలారు, నేను చెప్పలేదు. వాళ్ళే చెప్పారు.

ఆ ఆదివారం సుజాతమ్మ నన్ను భోజనానికి పిలిచింది. గోపాల శెట్టి నా పక్కనే కూర్చుని చింతకాయ తొక్కు కలుపుకుంటూ, మా ఆడోళ్ళ చేతి తొక్కు ఊళ్ళో ఎవరికీ రాదు సార్ అని మెచ్చుకుంటున్నాడు. సుజాతమ్మ నెయ్యి వడ్డిస్తూ చెప్పింది.

"అది నేను చేసింది కాదు. మీ వదినది. పెండ్లయినప్పట్నుంచి మీరు తినేది వదిన తొక్కే."

ముద్ద నోట్లో ఉంది. ఉమ్మలేడు, మింగలేడు. నా వైపు చూశాడు. నేను విస్తరిలోకి చూసుకున్నాను. చివరికి మింగాడు. మజ్జిగ దాకా తినేసి, చెయ్యి కడుక్కుంటూ అన్నాడు, వాకిలి పెట్టుకోమనండి, గొళ్ళెం మాత్రం మా పక్క ఉండాలి అని.

అన్న దగ్గరికి వెళ్తే ఆయన గొళ్ళెం తన పక్క ఉండాలన్నాడు. మళ్ళీ మొదటికొచ్చింది. నాకు నిజంగా కోపం వచ్చింది. ఇద్దరినీ చెరో పక్క నిలబెట్టి గోడ మీదుగా అరిచి చెప్పాను, గొళ్ళెం ఏ పక్క ఉంటే రెండో పక్కవాళ్ళు చస్తారని. దొంగలొస్తే ఎట్లా అని చివరికి తమ్ముడు అడిగాడు, గోడతో అడిగినట్టు. పద్మావతమ్మ ఈ పక్కనుంచి, ఇంతమంది పిల్లోళ్ళుండగా ఏ దొంగ వస్తాడప్పా అంది. అట్లా వాకిలి కుదిరింది. ఇనుప రేకు తలుపు, తోస్తే ఎటువైపైనా తెరుచుకుంటుంది, గొళ్ళెం లేదు, గడియ లేదు, తాళం పెట్టడానికి కొక్కెం కూడా లేదు. అయినా అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. మేస్త్రీకి చెప్పాల్సిన మాటలు కూడా ఇద్దరూ నాతోనే చెప్పించారు.

ప్రతి ఆదివారం తువ్వాళ్ళ నడక పెట్టాం. కుర్రాళ్ళందరూ కళ్ళకు గుడ్డలు కట్టుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, మంచాల దగ్గర్నుంచి మిద్దె వాకిలి దాకా. అందరికంటే ముందు సత్యనారాయణ శెట్టి. ఆయనకు ఆ ఆట ఎంత బాగా పట్టుకుందంటే నేను రాని వారాల్లో కూడా ఆయనే నడిపించేవాడట. కుర్రాళ్ళు వాళ్ళ భాషలో పాట కట్టుకుని దానికి అడుగులు వేసేవాళ్ళు.

ఒక్క విషయంలో మాత్రం నేను గెలవలేదు. మంచాలు తగ్గించండి అని ఎంత పోరినా, నలుగురు వెళ్తే మళ్ళీ కొత్తవాళ్ళు వచ్చేవారు. గోపాల శెట్టి పై అంతస్తు మొత్తం ఖాళీగా ఉండేది. అడిగితే, వాకిలి ఇచ్చినా కదా సార్, ఇంగేం ఇయ్యాల అనేవాడు.

ఆ ఆదివారం

పరీక్షలైపోయిన మర్నాడు. పిల్లలంతా ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నారు. శెట్టిగారు కొత్తగా కొన్న కరెంటు స్కూటరును మెట్ల కింద ఛార్జింగుకు పెట్టాడు. అక్కడ వద్దని నేను చెప్తే బయట పెట్టాడు, ఎండకు సీటు చిట్లుతోందని మళ్ళీ లోపలికి తెచ్చాడు. మనుషులు అంతే, ఒకసారి చెప్పి వదిలేయకండి. దాని బ్యాటరీ అంటుకుంది. పక్కనే అంగడి, అంగడి నిండా ప్లాస్టిక్.

ఫోను నేనే ఎత్తాను.

"సార్, మా అన్న ఇల్లు కాలుతాండాది."

గోపాల శెట్టి. అన్న అనే మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి. బండి కదిలేదాకా అదే చెవుల్లో మోగుతూ ఉంది.

మేము చేరేసరికి మెట్ల దారి మొత్తం నల్లటి పొగ. మావాళ్ళు కిందినుంచి నీళ్ళు కొడుతున్నారు. పద్మావతమ్మ పెరటి దారిన బయటపడి వీధిలో నిలబడి ఉంది. పిల్లోళ్ళు పైనే ఉండారు సార్, ఈయన కూడా పైకి పోయినాడు, కుళాయి కారుతోందని వాళ్ళను తిట్టడానికి పోయినాడు అని నా చెయ్యి పట్టుకుంది. నేను మాస్కు తగిలించుకుని, ఒక ఫైర్‌మన్‌తో కలిసి నిచ్చెన మీద కిటికీలోంచి లోపలికి దిగాను.

లోపల కళ్ళు ఉన్నా లేనట్టే. మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కో మంచం చేత్తో తడిమాను. పిల్లలూ, ఈ పని గురించి మీకు నిజం చెప్పాలి. పొగలో చెయ్యి చాచినప్పుడు ఆ చేతికి ఏం తగులుతుందోనన్న భయం ఎన్నేళ్ళ సర్వీసుకూ పోదు. తగలకూడనివి నా చేతికి కొన్నిసార్లు తగిలాయి. ఆ రోజు మొదటి మంచం. దుప్పటి, దిండు. మనిషి లేడు. రెండోది, పరుపు ఇంకా వెచ్చగా ఉంది, మనిషి లేడు. పైది, కిందిది, పక్క గది, పై అంతస్తు, ఆ చివరి మంచం, అందులో పైది. ఎక్కడా ఎవరూ లేరు. నాకు మాస్కులో ఏడుపు వచ్చేసింది. ఒక్కరినీ మోయకుండా, ఒక్కరినీ లాగకుండా ఇల్లంతా వెతికాను. నేను ఉద్యోగంలో పొందిన సంతోషమంతా ఒక పక్క పెట్టి, ఆ ఖాళీ మంచాలు ఒక పక్క పెట్టినా ఇదే ఎక్కువ.

మిద్దె ఎక్కాను. గోడలో వాకిలి బార్లా తెరిచి ఉంది.

అవతల గోపాల శెట్టి మిద్దె మీద కుర్రాళ్ళంతా ఉన్నారు. లుంగీలు, నిక్కర్లు, ఒకడైతే దుప్పటి కప్పుకుని. దగ్గుతున్నారు, నవ్వుతున్నారు, ఒకరి మొహం మీది మసి ఒకరు చూపించుకుంటున్నారు. సుజాతమ్మ అందరికీ చాపలు పరుస్తోంది. బరాకా నన్ను చూసి పరుగెత్తుకొచ్చాడు.

"శెట్టి అన్న ముందర పోయినాడు సార్. కండ్లు మూసుకోండిరా, తెరిస్తే భయమైతాది అన్నాడు. భుజాలు పట్టుకోని వచ్చేసినాం."

తర్వాత ఆ పిల్లల్లో సగం మంది తిరిగి ఆ ఇంటికి వెళ్ళలేదు. గోపాల శెట్టి పై అంతస్తులో ఉండిపోయారు, నేను అడక్కుండానే. మంచాలు రెండిళ్ళకూ సమంగా పంచుకున్నారు. ఆ వాకిలి తెరిచి మూసే చప్పుడు రోజంతా వినపడేదట. కానీ అవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజు నేను చూసింది చెప్పి ముగిస్తాను.

సత్యనారాయణ శెట్టి బనీను మీద, ట్యాంకు నీడలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దగ్గు ఆగడం లేదు. గోడ లేచిన తర్వాత ఆయన తమ్ముడి మిద్దె మీద కూర్చోవడం అదే మొదటిసారి. గోపాల శెట్టి కిందినుంచి పెద్ద చెంబుతో వచ్చి అన్న ముందు నిలబడ్డాడు. పెద్దాయన తలెత్తి చెంబు వైపు చూశాడు కానీ చెయ్యి చాచలేదు. తమ్ముడు ఆయన పక్కన కింద కూర్చుని, చెంబు ఆయన చేతిలో పెట్టాడు.

"తాగన్నా. నీ బోరు నీళ్ళే ఇవి."

పెద్దాయన గడగడా తాగాడు. చెంబు దించి మూతి తుడుచుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడం కూడా చూశాను, పొగ వల్ల కాదు.

"నాకాడ ఉన్నప్పుడు ఇంత ఉప్పగా లేవు లేప్పా," అన్నాడు.

ముందు నవ్వింది గోపాల శెట్టే. తర్వాత సుజాతమ్మ, తర్వాత అర్థమైన వాళ్ళూ కానివాళ్ళూ అందరూ. అప్పుడే గోపాల శెట్టి ఇంటి మెట్లెక్కి పద్మావతమ్మ ఆయాసపడుతూ వచ్చి, మొగుడు నవ్వుతుండడం చూసి అక్కడే కూలబడింది. చెంబు చేతులు మారుతూ నా దాకా వచ్చింది. మాస్కు తీసి తాగాను. నిజంగానే ఉప్పగా ఉన్నాయి. చెంబు ఖాళీ చేసి, ఇంకొంచెం ఉంటే తెమ్మన్నాను.